పదిహేడు అంగుళాల ఆదివారం

శనివారం సాయంత్రం జీలుగ్గూడలో బుల్లమ్మ అరుగు మీద కూర్చుని మా బావ ఏసుదానం ప్యాంటు మోకాలి పైదాకా మడిచేసరికి అందరం నోళ్ళు మూసుకున్నాం. నేను కూడా మూసుకున్నానంటే సంగతి ఎంత గట్టిదో మీకు అర్థం కావాలి. కుడి మోకాలు మోకాలిలా లేదు. పిక్కకి గుమ్మడికాయ అంటుకట్టినట్టుంది.

“ఇదేటి బావా, వాపా, బలుపా?” అన్నాను, నోరు ఎక్కువసేపు ఊరుకోక.

“నువ్వూరుకో అన్నయ్యా,” అంది అన్నమ్మ. సంచీలోంచి బట్టలు కుట్టేవాళ్ళ టేపు తీసి, మొగుడి మోకాలి చుట్టూ తిప్పి, సోలార్ దీపం దగ్గరికి జరిపి చూసింది. “పదిహేడు.”

“ఎంతుండాల?”

“బయల్దేరిన రోజు పదిహేనున్నర.”

అన్నమ్మ ముప్ఫయ్యేళ్ళు ఆరోగ్య కేంద్రంలో నర్సు. జ్వరమైనా బీపీయైనా ఆవిడ అంకె చెప్పిందంటే వంక పెట్టడానికి లేదు. టేపు చుట్టచుట్టి తీర్పు కూడా చెప్పేసింది.

“ఇద్దరూ ఇనండి. రేపు ఆదివారం, ఎలాగూ నడవం. సోంవారం పొద్దున్న మళ్ళీ కొలుస్తాను. పదహారుకి దిగితే పైకి ఎల్దాం. దిగనేదా, వచ్చిన దారినే ఇంటికి. మద్దిలో ఇంకో మాట నేదు.”

అంటే వాపు దిగితే మేం ఎక్కాలి, వాపు ఎక్కితే మేం దిగాలి. ఇంత తలకిందుల లెక్క నేనెప్పుడూ వినలేదు. మా బావ మాత్రం నవ్వలేదు. మోకాలి మీద అరచెయ్యి వేసి, పారిపోయే కోడిని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు.

ఆయన నవ్వకపోవడానికి కారణం ఉంది. ఫిబ్రవరి పన్నెండో తారీకున విశాఖలో ఆ మోకాలు తీసేసి కొత్తది వెయ్యబోతున్నారు. ఆర్నెల్లు పోయాక ఎడమది. “ఆ తరవాత హాయిగా నడవొచ్చు. కొండలూ గుట్టలూ మాత్రం మర్చిపోండి,” అన్నాడు డాక్టరు. మర్చిపొమ్మంటేనే మనిషికి అన్నీ గుర్తొస్తాయి. మా బావకి మహేంద్రగిరి గుర్తొచ్చింది. ఆయన పుట్టింది భావనపాడులో. వాళ్ళ నాన్న చేపల వేటకెళ్ళి, సముద్రంలోంచి తిరిగొచ్చేటప్పుడు ఆ కొండ కొమ్మునే చూసుకుని ఒడ్డు పోల్చుకునేవాడట. తరవాత మా బావ గరివిడి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర ఫోర్మన్‌గా చేరి, యాభై ఎనిమిదేళ్ళకి రిటైరయ్యాడు. ఆ కొండ కొలిమిలో కనపడలేదు, కల్లోంచి మాత్రం పోలేదు.

“ఒడిశా పక్కనుంచి పైదాకా జీపు ఎల్తాది కదా బావా,” అన్నాను నేను, నా మోకాళ్ళ తరఫున.

“జీపులో ఎల్తే ఎక్కింది జీపు, మనం కాదు. తీసి పారేసేముందు ఈ కాళ్ళతో ఒక్కసారి ఎక్కాల. కంపెనీ కాళ్ళొచ్చాక ఎక్కినా అది కంపెనీ ఖాతాలోకే పోద్ది.”

నాకూ ఆయనకీ చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళది బాప్టిస్టు సంఘం. ఆయన సంఘ పెద్ద. మాది అరసవల్లి, గుడికెదురు సందులో పన్నెండు గదుల లాడ్జి. విజయనగరంలో చదువుకునే రోజుల్లో ఇద్దరిదీ ఒకటే హాస్టలు, ఒకటే గది, ఒక్కోసారి ఒకటే చొక్కా. అన్నమ్మని చెల్లెమ్మా అన్నాను గనక ఆయన బావయ్యాడు. లాడ్జిలో గదులైతే ఖాళీ చేయించగలంగానీ ఇలాంటి బావల్ని ఖాళీ చేయించలేం. రమ్మన్నాడు, వచ్చాను.

శుక్రవారం మందసలో బస్సు దిగి నడక మొదలెట్టాం. ఊటీ, అరకూ వెళ్ళే జనం దీన్ని ట్రెక్కింగంటారు. తెలుగులో నడకకీ నరకానికీ ఒక్క అక్షరమే తేడా. ఆ అక్షరం మాకు మొదటి రోజు మధ్యాహ్నానికే దొరికింది. దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని అర్థం. నేననే ఈ జగన్నాధం కొండెక్కాడంటే ఏమని అర్థమో శనివారం పదకొండింటికి, జీడిమామిడి తోటలు దాటిన నిలువు దారిలో, నాలిక బయటపెట్టి ఒక రాతిమీద కూలబడ్డప్పుడు తెలిసింది. వీపు మీద సంచీ, సంచీలో కుక్కరు! కుక్కరు ఎవరు పెట్టారంటే నేనే పెట్టాను. విజిల్ ఊదాల్సింది అది, ఊదుతున్నది నేను.

అన్నమ్మ మాత్రం చీర కుచ్చిళ్ళు దోపి, బూట్లు వేసుకుని, పోలియో చుక్కలకి ఊరూరూ తిరిగిన కాళ్ళతో ముందు నడుస్తూనే ఉంది. మా బావ మధ్యలో. కర్ర ఒక అడుగు, కాలు ఒక అడుగు, పళ్ళు బిగించడం ఒక అడుగు. నొప్పా అంటే “కొంచెం” అనేవాడు. ఆ కొంచెం జీలుగ్గూడ చేరేసరికి పదిహేడు అంగుళాలైంది.

జీలుగ్గూడ సవరల ఊరు. ఇరవై మూడు ఇళ్ళు, ఒక చర్చి. కొండ వాలులో అరలు అరలుగా ఇళ్ళు. ఒక వరసకీ ఇంకో వరసకీ మధ్య రాళ్ళు పేర్చిన మెట్లు. ఊళ్ళో సమతలం అన్నది చర్చిలో నేల ఒక్కటే. ఆ చర్చి స్త్రీల సమాజానికి పెద్ద బుల్లమ్మ. అన్నమ్మకి మందస మీటింగుల్లో పరిచయం. ఆవిడే మాకు అరుగూ, చాపలూ, వేడినీళ్ళూ ఇచ్చింది.

ఇక ఆదివారం.

అందరికీ ఆదివారం సెలవు. నాకు ముప్ఫయ్యేళ్ళుగా అదే కొలువు. అరసవల్లిలో సూర్యనారాయణ మూర్తికి ఆదివారం అంటే ఏమిటో మీకు తెలుసు. తెల్లారకముందే ఆటోలు, గుండ్లు చేయించుకుని వచ్చే జనం, వేణ్ణీళ్ళు లేవని ఒకడు, బకెట్టు కారుతోందని ఇంకొకడు. ఆదివారం నేను కూర్చోవడం నా పెళ్ళాం ఎప్పుడూ చూడలేదు. అలాంటిది, జీలుగ్గూడలో పొద్దున్న ఎనిమిదైనా నేను చాప మీదే ఉన్నాను. సెల్లుకి సిగ్నల్ లేదు. ఎవడికీ నా బకెట్టు అక్కర్లేదు. ఎదురుగా కంది చేలు, వాటి మీద మంచు, చోడి అంబలి, అదే రాగి అంబలి, గిన్నె నిండా. ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు దేవుడు విశ్రాంతి తీసుకున్నాడని మా బావ ఎప్పుడూ చెబుతాడు. ఆ ఏడో రోజు ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు.

“ఈవేళ నువ్వు కాలు కింద పెట్టడానికి నేదు,” అంది అన్నమ్మ మొగుడితో. “చర్చికి ఎల్లడం, రావడం. తరవాత కాలు ఎత్తులో పెట్టి పడుకోవడం. అంతే.”

“అంతే,” అన్నాడు బావ బుద్ధిగా.

నేనూ చర్చికి వెళ్ళాను. పాటలు సవరలో, తెలుగులో. డప్పు మీద ఆ కుర్రాళ్ళ వాయింపుకి నా నొప్పుల కాళ్ళు కూడా తాళం వేశాయి. అంతా అయ్యాక, బయటి ఊరినుంచి వచ్చిన అతిథి గనక, ఏసుదానంగారు రెండు మాటలు చెప్పాలన్నారు. రెండు మాటలూ బాగానే చెప్పాడు. మూడో మాట దగ్గర ఉంది చిక్కు.

“పాస్టరుగారు నెలకొక్కసారే వస్తారంట కదా. ఎవరింటికైనా ప్రార్థన కావాలంటే సెప్పండి, నేను వస్తాను,” అన్నాడు.

అన్నమ్మ తల కొట్టుకుంది. నిజంగానే, చప్పుడయ్యేలా కొట్టుకుంది.

పక్కనున్న నాకు అర్థం కాలేదు. “ఒకటో రెండో ఇళ్ళే కదా చెల్లెమ్మా!”

“నీకు తెల్దన్నయ్యా. సంఘాల్లో ఒకింటికి ఎల్తే పక్కింటికి ఎల్లాల. పక్కింటికి ఎల్తే ఆ పక్కింటికి. ఒక్కిల్లు ఒగ్గేసినా ఆ ఇంటోళ్ళు యాడాది గుర్తెట్టుకుంటారు. ముప్ఫయ్యేళ్ళు పెద్దరికం సేసినోడికి ఆ మాత్రం తెలవద్దేటి? నోటికి సంఘం, కాలికి మోకాలు!”

కాలు జారితే తీసుకోగలంగానీ నోరు జారితే తీసుకోలేం అన్నారు. మా బావ నోరు జారాడు, తీర్చాల్సింది కాలు.

మొదటి ఇల్లు చర్చి పక్కనే. పెద్ద ఇబ్బంది లేదు. ప్రార్థన చేశాడు, నల్ల టీ ఇచ్చారు, తాగాం. రెండో ఇల్లు పదకొండు మెట్లు కింద. ప్రార్థన, టీ, ఉడకబెట్టిన కందికాయలు. మూడో ఇల్లు మళ్ళీ పంతొమ్మిది మెట్లు పైన. ప్రార్థన, టీ, చిలగడదుంపలు. సంఘ పెద్దకి ప్రార్థన బరువు, నాకు పొట్ట బరువు. నాలుగో ఇంటివాళ్ళు అప్పటికే వాకిట్లో చాప పరిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఐదో ఇంటివాళ్ళు టీ పొయ్యి మీద పెట్టిన పొగ కనపడుతోంది. అలా పొగలు లెక్కపెట్టుకుంటూ పైకి చూస్తే ఇంకా ఇరవై ఉన్నాయి.

మెట్ల మధ్యలో బావ ఆగిపోయాడు. కర్ర మీద రెండు చేతులూ పెట్టి, చెట్టు మీద పిట్టని చూస్తున్నట్టు నటించాడు. అక్కడ పిట్టా లేదు, చెట్టూ లేదు.

అన్నమ్మ మెట్ల మీదే మోకాళ్ళ మీద కూర్చుని టేపు తీసింది.

“పదిహేడున్నర,” అంది. కోపంగా అనలేదు. అదే భయమేసింది నాకు. “సోంవారం దాకా ఎందుకూ. సంచులు సర్దేద్దాం.”

మా బావ మొహం చూడలేకపోయాను. కొలిమి ముందు నిలబడి నలభై ఏళ్ళు మాడని మొహం, ఆ ఒక్క మాటకి మాడిపోయింది. అయినా ఆయనన్న మాట ఏమిటంటే, “నాలుగో ఇంటోళ్ళు సాప ఏసీసినారు అన్నమ్మా.”

అప్పుడొచ్చింది బుల్లమ్మ, చేతిలో చేటతో. టేపు చూసింది, మోకాలు చూసింది, మా ముగ్గురి మొహాలూ చూసింది.

“ఏటయ్యా, ఇంత కాలు ఎట్టుకుని ఊరంతా తిరుగుతావా? ముందే సెప్పడానికేటి నొప్పి?”

“నొప్పి మోకాల్లోనే ఉంది బుల్లమ్మగారూ, చెప్పడంలో కాదు. చెప్పడానికి సిగ్గు,” అన్నాను నేను.

“సిగ్గుకేటి, అది వాయదు కదా,” అని ఆవిడ చక్కా వెళ్ళి చర్చి ముందు వేలాడుతున్న ఇనప చక్రాన్ని రాయితో ఠంగు ఠంగున వాయించింది. ఇళ్ళ ముందు జనం చేరారు. కింద నుంచి పై వరస దాకా వినపడేలా అరిచింది. “అయ్యగారికి కాలు వాసిపోనాది! ఈవేళ ఇళ్ళే ఆయనకాడికి ఎల్లాల! మీ గుప్పెడు బియ్యం అట్టుకుని నా అరుక్కాడికి రండి! అక్కడే ప్రార్దన!”

గుప్పెడు బియ్యం అంటే ఈ సంఘాల్లో ఒక పద్ధతి. రోజూ అన్నం వండేముందు ఆడవాళ్ళు దేవుడి పేరున ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తారు. పాస్టరు వచ్చినప్పుడు అది చర్చికి తెస్తారు. బావుంది, ఆ వంకన అందరూ వచ్చేస్తారు, బావ కదలక్కర్లేదు అనుకున్నాను. ఇంతలో నాలుగో ఇంటి చినబాబు అడ్డుపడ్డాడు. పేరుకి చినబాబుగానీ మనిషికి డెబ్బై ఉంటాయి.

“బుల్లమ్మా, అది మనుసుల ప్రార్దన అవుతాది. ఇంటి ప్రార్దన ఎలాగవుతాది? ఇల్లు నేకుండా ఇంటికి ప్రార్దనేటి?”

న్యాయమైన ప్రశ్న. జనం కూడా అవునవునన్నారు. బుల్లమ్మ ఒక్క నిమిషం ఆలోచించింది.

“అయితే ఇంట్లోది ఒకటి అట్రండి. ఏటి నేకపోతే ఇల్లు ఇల్లు కాదో అది అట్రండి.”

అదీ ఆదివారం జరిగిన వింత. పదకొండింటి నుంచి మూడింటి దాకా మా బావ బుల్లమ్మ అరుగు మీద నులకమంచంలో, కుడికాలు చోళ్ళ బస్తా మీద ఎత్తులో పెట్టుకుని, ఎండలో మహారాజులా పడుకున్నాడు. అన్నమ్మ చన్నీళ్ళ గుడ్డ వేస్తూనే ఉంది. ఇళ్ళు వరసలో వచ్చాయి. చినబాబు నిట్రాడు తెస్తానన్నాడుగానీ కప్పు పడిపోతుందని ఇంటావిడ ఊరుకోక, తలుపు గొళ్ళెం ఊడదీసి తెచ్చాడు. ఒకావిడ రోకలి. ఒకావిడ అన్నం గరిటె. కొత్తగా పెళ్ళైన జంట దిండు తెచ్చి, అందరూ నవ్వితే వెనక్కి దాచుకున్నారు. ఒక ముసలాయన తాళం కప్ప తెచ్చాడు, తాళం చెవి పోయి ఏడేళ్ళయిందట. ఒకింటివాళ్ళు దూడనే తోలుకొచ్చారు. అది బస్తాలోంచి చోళ్ళు తినబోతే నేను కాపలా కాశాను.

ఒకతను డిష్ టీవీ రిమోటు తెచ్చాడు.

“ఇది నేకపోతే మాది ఇల్లు కాదండి,” అన్నాడు. ఇంటావిడ “ఇదుంటేనే కాదు,” అంది.

మా బావ రిమోటు మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని, నవ్వు రాకుండా మీసం బిగించి ప్రార్థించాడు. “ప్రభువా, ఈ ఇంట్లో రాత్రి ఏడున్నరకి ఏది పెట్టాలన్న తగువు నీ చిత్తప్రకారం తీరును గాక.”

ఇంటావిడ అందరికన్నా గట్టిగా ఆమెన్ అంది.

ప్రతి ఇంటికీ అలాగే, ఆ వస్తువు మీద చెయ్యి పెట్టి, ఆ ఇంటి పేరు అడిగి, ఎవరికి జబ్బు, ఎవరు పనికి వలస వెళ్ళారు, ఏ మేక ఈనాలి అన్నీ కనుక్కుని మరీ చేశాడు. తొందరపడలేదు. మధ్యలో గంటసేపు భోజనాలు, ఆ తరవాత కునుకు. ఆ కునుకులో నేను గురక పెట్టానని అన్నమ్మ అంటుంది. నేను ఆ సమయంలో నిద్రపోతున్నాను గనక సాక్ష్యం చెప్పలేను. బతుకులో మొదటిసారి ఒక ఆదివారం పగలు నిద్రపోయాను, అదొక్కటీ నిజం.

మూడున్నరకి అన్నమ్మ టేపు తీసింది. పదహారున్నర. ఐదింటికి మళ్ళీ తీసింది. పదహారూ పావు.

“దిగుతున్నాది,” అంది. గొంతులో నర్సు లేదు, పెళ్ళాం ఉంది.

అంతా బాగుంది. పొద్దు కొండ వెనక్కి జారుతోంది, పొయ్యి మీద కోడి ఉడుకుతోంది. నేను హాయిగా కాళ్ళు చాపుకుని, రేపటి గురించి మా బావ కాలికంటే ఎక్కువ ధైర్యంగా మాట్లాడుతున్నాను. అప్పుడు మా బావ వేళ్ళు మడిచాడు.

“బుల్లమ్మా, ఇళ్ళు ఇరవై మూడు కదా. పొద్దున్న మూడు, ఇక్కడికొచ్చినవి పంతొమ్మిది. ఇరవై రెండే అయినాయి.”

బుల్లమ్మ పొయ్యి ఊదుతున్నట్టు తల దించేసింది. “ఆ ఒక్కటీ ఒగ్గేయండయ్యా. తాతమ్మది. కొడుకూ కోడలూ ఇటికల పనికి ఎల్లిపోనారు. అది మంచం దిగనేదు. తెచ్చీవోలు నేరు.”

“ఎక్కడ?”

బుల్లమ్మ చెయ్యి ఎత్తింది. ఊరికి అందరికన్నా పైన, అడివి అంచున ఒక్క ఇల్లు. దానికి వెళ్ళే మెట్లు ఇక్కణ్ణుంచి లెక్కపెట్టుకోవచ్చు. నేను లెక్కపెట్టాను. అరవై.

“నేనెల్తాను,” అంది అన్నమ్మ వెంటనే. “నాకు ప్రార్థన రాదేటి? ఎల్లి ఆమెకాడ కూకుని, బీపీ కూడా సూసొస్తాను.”

“వస్తానన్నది నేను,” అన్నాడు బావ.

“అయ్యో! పావు అంగుళం! పావంగుళం దిగితే రేపు పైకి ఎల్తాం. ఇప్పుడు ఈ అరవై ఎక్కి అరవై దిగినావంటే తెల్లారేసరికి మళ్ళీ పదిహేడు. రేపు కొలవనే కొలవను, సెప్తన్నాను. మళ్ళీ జల్మకి ఎక్కలేవు.”

“తెల్సు.”

“తెల్సీ?”

మా బావ కాలు బస్తా మీంచి దించాడు. మెల్లిగా, వేడి గిన్నె దించినట్టు. “అన్నమ్మా, ఇరవై రెండిళ్ళకి పావంగుళం అడ్డం రానేదు. మంచం దిగలేని మనిసికి అడ్డం వస్తే బాగోదు.”

 ఆవిడ మొహం తిప్పుకుని కోడికూర కలిపింది. అది అప్పటికే కలిసే ఉంది. బావ నా వైపు చూశాడు. మామూలుగా అయితే నా దగ్గర మాటకి లోటు లేదు. అరవై ఏళ్ళొచ్చేవాడికి అరవై మెట్లేమిటి బావా అని ఏదో నోటిదాకా వచ్చింది. కిందికి మింగేసి భుజం ఇచ్చాను.

ఒక్కో మెట్టుకీ ఎడమ కాలు ముందు, కర్ర తరవాత, కుడికాలు ఆఖర్న. ముప్పై దగ్గర ఆగాం. నలభై ఐదు దగ్గర ఆగాం. ఆయన బరువు నా మీద, నా బరువు పొద్దుటి కందికాయల మీద. పైకి చేరేసరికి చీకటి పడలేదుగానీ నా కళ్ళకి పడింది.

తాతమ్మ గుమ్మంలోనే మంచం వేయించుకుని ఉంది. ఒళ్ళంతా కలిపి ఒక గంపెడు ఉంటుంది. కళ్ళు మాత్రం గట్టివి. మా ఇద్దరినీ కిందనుంచి పైదాకా చూసింది.

“ఎందుకొచ్చినారు?”

“ప్రార్థనకి అమ్మా,” అన్నాడు బావ, ఊపిరి కూడదీసుకుంటూ.

“అయిపోనాది కదా!”

“ఎక్కడయిందమ్మా?”

“నీ గొంతేటి సిన్నదా? పొద్దుటినుంచీ ఇక్కడికి ఇనపడతానే ఉన్నాది. అందరితోటీ నానూ ఆమెనన్నాను. రిమోటుకి కూడా అన్నాను. నా ఇంటోనే కూకుని అన్నాను కాబట్టి నా ఇంటిక్కూడా అయిపోనాది. ఈ కాలేసుకుని ఎందుకెక్కినావు ఎర్రినాయనా?”

నేను అక్కడే మెట్టు మీద కూలబడి నవ్వాను. బావ కూడా నవ్వాడు. రెండ్రోజుల తరవాత ఆయన నవ్వడం అదే. అయినా ఒప్పుకోకుండా ఆమె మంచం కోడు మీద చెయ్యి పెట్టి ఇంకోసారి చేశాడు, చిన్నగా. ఇటికల పనికి వెళ్ళిన కొడుకూ కోడలూ క్షేమంగా తిరిగి రావాలని. తాతమ్మ కళ్ళు మూసుకుని విన్నది. ఆమెన్ కొంచెం ఆలస్యంగా అంది.

అన్నమ్మ కూడా వెనకే వచ్చేసింది, చేతిలో కూర గిన్నెతో. కోపం ఉన్నా కోడి పక్కన పెట్టలేదు.

“పదండి, సీకటి పడకముందే దిగాల,” అంది.

“మళ్ళీ దిగుతారేటి?” అంది తాతమ్మ.

“మరి? సామానంతా కిందున్నాది.”

“కొండకే కదా రేపు ఎల్తారు? ఆ దోవ ఎక్కడున్నాదనుకున్నారు? నా పెరట్లోంచే. కిందోలు కొండకి ఎల్లాలన్నా ఈ మెట్లే ఎక్కాల, నా గుమ్మం ముందునించే ఎల్లాల. ఎక్కడానికి గుండె ఉంటే సాలు. దిగడానికే మోకాలు గావాల. మీరు ఎక్కీసినారు. మళ్ళీ దిగి, మళ్ళీ పొద్దున్న ఎక్కడమేటి? సదువుకున్నోలు కాదా మీరు?”

మేం ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. ఒక నర్సు, ఒక ఫోర్మన్, ఒక లాడ్జి ఓనరు. ముగ్గురికీ కలిపి ఎన్ని సర్టిఫికెట్లున్నాయో, ఒక్కరికీ ఆ ముక్క తట్టలేదు. అరవై మెట్లూ రేపటి దారిలోవే. బావ కాలు పాడుచేసుకోడానికి ఎక్కలేదు, రేపటి నడకలో ముందువాయిదా కట్టేశాడు.

“ఇక్కడ పడుకోడానికి సోటుందా అమ్మా?” అంది అన్నమ్మ.

“కొడుకు గది కాళీగా నేదేటి? నాకూ మాట్లాడ్డానికి మనిసి నేడు.”

అందరికీ ఆదివారం చక్కగా ముగిసింది, నాకు తప్ప. సామాను కిందుంది కదా. మూడు సంచులు, ఒక కుక్కరు. అరవై మెట్లు రెండు సార్లు దిగి రెండు సార్లు ఎక్కాను. విశ్రాంతిలో శ్రాంతి కూడా ఉందని అప్పుడు కనిపెట్టాను. బుల్లమ్మ జాలిపడి రెండోసారి కుక్కరు తను మోసింది, నెత్తిమీద, చేత్తో పట్టుకోకుండా, నాతో కబుర్లు చెబుతూ.

కోడికూర తిని, తాతమ్మ చెప్పే ఎలుగుబంట్ల కథలు వింటూ, ఏడున్నరకల్లా పడుకున్నాం.

సోమవారం పొద్దున్న ఎండ గుమ్మంలోకి రాగానే అన్నమ్మ టేపు తీసింది. బావ ప్యాంటు మడిచాడు. తాతమ్మ మంచం మీంచి తల ఎత్తింది. నేను పళ్ళపుల్ల నోట్లోంచి తీశాను.

ఆవిడ మోకాలి చుట్టూ టేపు తిప్పింది. నేను పక్కనే ఉన్నాను గనక చూశాను. టేపు బిగిసింది. విరిగిన కాలికి కట్టు కట్టేవాళ్ళు ఎంత బిగిస్తారో అంత. రెండు పక్కలా చర్మం లేచి, నడుమున టేపు గాడిలో దిగింది. ముప్ఫయ్యేళ్ళలో పసిపిల్లల బరువు కూడా అరగ్రాము ఎక్కువ రాయని మనిషి.

“పదహారు,” అంది.

“నిజంగా?” అన్నాడు బావ.

“నా మాట మీద అనుమానమేటి?” అంటూనే నా వైపు చూసింది. ఆ చూపు ఒక ఇంజెక్షను.

“పదహారే బావా, నేనూ చూశాను,” అన్నాను. ఆదివారమంతా సంఘంలో ఉండి సోమవారం పొద్దున్నే అబద్ధం ఆడాను. ప్రభువు క్షమిస్తాడో లేదోగానీ సూర్యనారాయణమూర్తి నాకు పాత పరిచయం.

అన్నమ్మ సాగే పట్టీ గట్టిగా చుట్టింది. తాతమ్మ పెరట్లోంచి బయల్దేరాం. కొంచెం దూరం పోయాక వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది, “దిగేటప్పుడు నిదానం! ఎనక్కి తిరిగి దిగినా తప్పు నేదు!” అని.

నిదానంగానే వెళ్ళాం. పావుగంట నడక, ఐదు నిమిషాలు కూర్చోవడం. అడివి పలచబడి గడ్డి వచ్చింది, గడ్డి పోయి బండలొచ్చాయి. పదిన్నరకి కొండ కొమ్ము ఇంకా పైన ఉంది. పదకొండున్నరకి కూడా ఇంకా పైనే ఉంది. పన్నెండూ పదికి మా బావ కర్ర పెట్టిన చోట, దానికంటే పైన బండ లేదు.

మంచు. మొత్తం మంచు. సముద్రం లేదు, ఒడిశా లేదు, ఆంధ్రా లేదు, పది గజాల అవతల ఏమీ లేదు. ఇంత కష్టపడి ఎక్కి ఒక తెల్ల దుప్పటి లోపల నిలబడ్డాం.

“ఏటైనా కనపడతన్నాదా?” అంది అన్నమ్మ, ఆయన కోసం బాధపడుతూ.

మా బావ రెండు కాళ్ళ మీదా నిలబడి, కర్ర నా చేతికిచ్చి, నాలుగు పక్కలా తీరిగ్గా చూశాడు.

“ఏటీ నేదు,” అన్నాడు. “బాగున్నాది.”

బండ మీద కూర్చున్నాడు. కాలు చాపుకున్నాడు. అన్నమ్మ పక్కన కూర్చుని చిలగడదుంపల మూట విప్పింది. దిగడానికి ఎంత సేపు పడుతుందో, ఎన్నింటికి బయల్దేరాలో నేను లెక్కలు చెప్పడం మొదలెట్టాను.

“కూకో బావా,” అన్నాడు ఆయన దుంప తొక్క ఒలుస్తూ. “ఇంకో అరగంట కూకుందాం.”

కూర్చున్నాం.